ఛార్జర్‌కి లైసెన్స్ అక్కర్లేదు సరే, రోడ్డు ఎవరిది?

ప్రశ్న: మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో పాత ఇండిపెండెంట్ ఇల్లు. లోపల స్కూటర్ తప్ప కారు పట్టదు, గేటు పక్కనే రోడ్డు మీద ఆపుకుంటాం. ఈ మధ్య ఎలక్ట్రిక్ కారు కొన్నాం. డ్రైను అవతల రోడ్డు అంచున చిన్న స్తంభం పాతించి ఛార్జర్ బిగించాం, కరెంటు ఇంటి మీటర్ నుంచే. వీధిలో ఇంకో ఇద్దరికి కూడా డబ్బులు తీసుకుని ఛార్జింగ్ ఇస్తున్నాం. అమ్మినవాళ్లేమో 'సెంట్రల్ గవర్నమెంట్ లైసెన్స్ ఎత్తేసింది, ఎవరి పర్మిషనూ వద్దు' అన్నారు. ఇప్పుడు తీసేయమని కార్పొరేషన్ నోటీసు వచ్చింది, వారంలో జవాబివ్వాలట. హైకోర్టులో స్టే వస్తుందా?

జవాబు: అమ్మినవాళ్లు అబద్ధం చెప్పలేదండీ, సగమే చెప్పారు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు పంపిణీ చేసి అమ్మాలంటే లైసెన్స్ ఉండాలి. బండికి ఛార్జింగ్ పెట్టి డబ్బులు తీసుకోవడం కూడా కరెంటు అమ్మడమేనా అని అప్పట్లో అందరికీ అనుమానం వచ్చింది. అది అమ్మకం కాదు, సేవ, దానికి ఈ చట్టం కింద లైసెన్స్ అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్ 13న స్పష్టత ఇచ్చింది. అంతే. అందులో రోడ్డు ఊసే లేదు. మురీ మిక్చర్ ఎవరైనా అమ్ముకోవచ్చు, అలాగని బండి తెచ్చి మీ గేటుకి అడ్డంగా పెడితే మీరు ఊరుకుంటారా?

మీ గేటు ముందు జాగా మీది కాదు. ఇరవై ఏళ్లుగా అక్కడే కారు ఆపుతున్నా, డ్రైను మీద పలకలు మీ ఖర్చుతో వేయించినా అది కార్పొరేషన్ రోడ్డే. మన కార్పొరేషన్‌కి వర్తించే 1955 మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలో సెక్షన్ 402 చూడండి, వీధిలో రాకపోకలకు అడ్డొచ్చే కట్టడమూ, బిగింపూ పెట్టకూడదని ఉంటుంది. అలాంటివి నోటీసు లేకుండానే తీసేసే అధికారం సెక్షన్ 405 కమిషనర్‌కి ఇస్తోంది. అధికారం ఉంది కదా అని ఎప్పుడుపడితే అప్పుడు వాడకూడదని, మామూలుగా ముందు చెప్పి అవతలివాళ్ల మాట వినాలని బొంబాయి చట్టంలోని ఇలాంటి సెక్షన్ మీదే 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు నోటీసే ఇచ్చారు కాబట్టి ఆ పాయింటు కూడా మీ చేతిలో లేదు. పైగా పాదచారులకు ఫుట్‌పాత్ హక్కు రాజ్యాంగంలోని ఆర్టికల్ 21లో, అంటే జీవించే హక్కులో భాగమని 2025 మేలో అదే కోర్టు అంది. మీ వీధిలో వేరే ఫుట్‌పాత్ ఎక్కడుంది, జనం నడిచేది ఆ డ్రైను పలకల మీదే కదా.

స్టే సంగతికొస్తే, రిట్ వేయడం పెద్ద పనేం కాదు, అమరావతి దాకా వెళ్లి ఫీజులు కట్టి వేయొచ్చు. కానీ 'ఏ అనుమతితో పాతావు' అని జడ్జి గారు అడిగే మొదటి ప్రశ్నకు మీ దగ్గర కాగితం లేదు. నేనైతే ఈ కేసు తీసుకోను.

అసలు నన్ను ఎక్కువ భయపెట్టింది మీరు మాటవరసకు చెప్పిన రెండు విషయాలు. ఇంటి మీటర్ మీద పక్కవాళ్లకు డబ్బులకు ఛార్జింగ్ ఇవ్వడం ఈ రోజే ఆపేయండి. మీ సొంత కారుకి ఇంటి కనెక్షన్ వాడుకోవచ్చు, కేంద్రం మార్గదర్శకాలే ఆ మాట అంటున్నాయి. డబ్బులు పుచ్చుకుంటే మాత్రం గృహ అవసరానికి తీసుకున్న కనెక్షన్‌ని వేరే పనికి వాడినట్టు. విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్‌తో లెక్క కడతారు, ఎప్పట్నుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు వేస్తారు. రెండోది ఆ స్తంభం గొయ్యి. 2014లో హుద్‌హుద్ వచ్చిపోయాక మన ఊళ్లో చాలాచోట్ల కరెంటు కేబుళ్లు భూమిలోకి దించారు. రోడ్డు తవ్వకానికి అనుమతి విడిగా తీసుకోవాలి అనేది అందుకే, గునపం కేబుల్‌కి తగిలితే నోటీసుతో పోదు.

రోడ్డు పక్కన ఛార్జర్ అసలు కుదరదా అంటే కుదురుతుంది, కాకపోతే ఆ దారి వేరు. ప్రభుత్వ జాగా ఛార్జింగ్ స్టేషన్లకు ఇవ్వొచ్చని కేంద్రం చెప్పింది, 2022 జనవరి మార్గదర్శకాల్లో అయితే యూనిట్‌కి 1 రూపాయి జాగా యజమాని సంస్థకు కట్టే పద్ధతి పెట్టారు, ప్రైవేటువాళ్లకు ఆ రూపాయి కనీస ధరగా బిడ్డింగ్. మన రాష్ట్రంలో దీన్ని చూసుకునే నోడల్ ఏజెన్సీ రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్. అలా వచ్చే ఛార్జర్ ఊరందరిదీ, మీ గేటు ముందు మీ కోసం రాదు. మీ వీధికి ఒకటి కావాలని కాలనీ సంఘం తరఫున అర్జీ పెట్టండి, సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే నంబరు పడుతుంది.

ఇప్పటికి ఛార్జర్‌ని కాంపౌండ్ గోడకి లోపలివైపు మార్చుకోండి. అక్కణ్నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి రోడ్డు మీద కారుకి వైరు లాగుదాం అనుకుంటున్నారేమో, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) భద్రతా నిబంధనలు దాన్ని ఒప్పుకోవు. సాకెట్ నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి, కారు 5 మీటర్ల లోపు ఆగాలి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ ఉండాలి. కారు లోపలికి పట్టదన్నారు కాబట్టి గేటు వెడల్పు చేయించి ముందు వరండా కొంత తీసేయడమో, పక్క వీధిలో ఎవరిదైనా ఖాళీ స్థలం అద్దెకు తీసుకోవడమో చూడాలి. అద్దె స్థలమైతే ఇరుగుపొరుగుకి కూడా దర్జాగా ఛార్జింగ్ ఇవ్వొచ్చు. యజమాని అంగీకార పత్రంతో మన కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌లో ఎలక్ట్రిక్ వాహనాల (ఈవీ) కేటగిరీ కింద విడి కనెక్షన్ అడగండి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో చేసిన సవరణ ప్రకారం ఛార్జింగ్‌కి విడి కనెక్షన్ అడిగే హక్కు వినియోగదారుడిది, కొత్త లైను అక్కర్లేకపోతే మెట్రో నగరాల్లో 3 రోజులు, మిగతా మున్సిపల్ ప్రాంతాల్లో 7 రోజుల్లో ఇవ్వాలి.

నోటీసుకి జవాబు ఒక్క పేజీ చాలు. కనెక్షన్ తీసేశాం, స్తంభం పీకి రోడ్డు సరిచేయడానికి 15 రోజులు గడువు ఇవ్వండి, అని. 'వీధికి సేవ చేస్తున్నాం' లాంటి వాక్యాలు రాయకండి, ఆ కాగితమే రేపు కరెంటువాళ్ల దగ్గరికి చేరితే 126కి మీరే ఆధారం ఇచ్చినట్టు. అబద్ధం రాయమని కాదు, అడగనిది రాయొద్దని. వైరు ఊడదీసిన ఫొటో జత చేసి జోనల్ ఆఫీసులో స్వయంగా ఇచ్చి, మీ కాపీ మీద సీలూ తేదీ వేయించుకోండి.