ముత్తాత ఎక్కిన ఓడ ఏది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్తే అండి, మాది బరంపురం. మా అమ్మ వాళ్ళ తాతగారి అన్న దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కు ఓడెక్కి వెళ్ళిపోయాడని, మళ్ళీ రాలేదని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఈమధ్య డర్బన్ నుంచి ఒకాయన మెసేజ్ పెట్టారు. వాళ్ళ ముత్తాతది గంజాం జిల్లా అట, ఆయన చెప్పిన ఊరి పేరు మా అమ్మమ్మగారి ఊరి పేరులాగే ఉంది. ఇంటిపేరు మాత్రం అస్సలు కలవట్లేదు, అదే టెన్షన్. మేమంతా ఒకే కుటుంబమా? ఆ ముత్తాత ఏ ఓడలో, ఏ ఏడాది అక్కడ దిగాడో తెలిసే దారి ఉందా?

జవాబు: ఉందండి. ఇంటిపేరు కలవలేదని మాత్రం బాధపడకండి. కూలి ఒప్పందం మీద నెటాల్ వెళ్ళినవాళ్ళ ఓడ జాబితాల్లో మన ఇంటిపేర్లు మామూలుగా కనిపించవు. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, జిల్లా, తాలూకా, ఊరు, ఇవి రాసుకున్నారు. ఆ తర్వాత అక్కడ పుట్టిన పిల్లలకు తండ్రి పేరో తాత పేరో కులం పేరో ఇంటిపేరుగా నిలిచిపోయింది. ఇవాళ డర్బన్‌లో అప్పల్సామి అనే ఇంటిపేరుతో ఉన్నవాళ్ళ వెనక ఒకప్పుడు ఒక అప్పలస్వామి ఉండి ఉంటాడు, మీ ఇంటిపేరుకూ ఆ పేరుకూ పొంతన ఎక్కడ కుదురుతుంది చెప్పండి. కాబట్టి మీరు కలిపి చూడాల్సింది మూడు: మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు. మూడూ కలిస్తే నమ్మండి, ఒక్కటే కలిస్తే ఆగండి, ఎందుకంటే అప్పన్నలూ రాములూ ఆ జాబితాల్లో వందల మంది ఉన్నారు.

ఇక ముఖ్యమైన మాట. మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది, 1911లో ఈ పద్ధతి ఆగేదాకా మొత్తం 1,52,184 మంది మన దేశం నుంచి నెటాల్ వెళ్ళారు, వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు రేవులోనే ఎక్కారు. వాళ్ళందరికీ, చంకలో ఉన్న పిల్లలకు కూడా, ఒక్కొక్క నంబరు ఇచ్చారు. మీరు వెతకాల్సింది ఆ నంబరే. అది దొరికితే ఓడ, తేదీ, ఊరు, ఏ చెరకు తోటకు పంపారో అన్నీ ఒక్క వరసలో దొరుకుతాయి. ఒకే కుటుంబంగా ఎక్కినవాళ్ళకు చాలావరకు పక్కపక్క నంబర్లు ఉంటాయి, అందుకని ఒక వరస దొరికాక పైన ఉన్న నాలుగు, కింద ఉన్న నాలుగు కూడా చదవండి, భార్యో తమ్ముడో బయటపడొచ్చు.

ఆ నంబరు సంగతి డర్బన్‌లో ఉన్న ఆయన్నే అడగండి, ఇక్కడ కూర్చుని మీరు కనుక్కోవడం కష్టం. పాత పుట్టుక సర్టిఫికెట్లు, పెళ్లి నమోదులు, ఒప్పందం తీరాక ఇచ్చిన కాగితాలు, వీటి మీద తల్లిదండ్రుల నంబర్లు రాసి ఉండటం మామూలే. అక్కడే నెటాల్‌లోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో (పాత రికార్డుల భాండాగారంలో) చనిపోయినవాళ్ళ ఆస్తి ఫైళ్ళు ఉంటాయి, వాటిలోని మరణ ప్రకటన కాగితంలో తల్లిదండ్రుల పేర్లకు, పుట్టిన చోటుకు విడిగా గడులు ఉన్నాయి, చాలా పనికొచ్చే కాగితం అది. డర్బన్ ఆర్కైవ్స్‌లో వలస శాఖ ఫైళ్ళు ఉన్నాయి. ఓడ జాబితాలను కంప్యూటర్లోకి ఎక్కించారు కూడా, పేరుతో వెతుక్కోవచ్చు.

వెతికేటప్పుడు ఒడిశా అనే మాట మర్చిపోండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా, కాబట్టి మీ ముత్తాత కాగితాల్లో మద్రాసు, గంజాం అనే ఉంటుంది. ఆ జిల్లా అప్పట్లో ఇప్పటి శ్రీకాకుళం వైపు కూడా చాలా దూరం వెళ్ళేది. విడదీసినప్పుడు ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి వైపు ఊళ్ళు మద్రాసులోనే ఉండిపోయి విశాఖ జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లాకు వచ్చాయి. అందుకని గంజాం అని కనిపించగానే బరంపురం చుట్టూ మాత్రమే వెతక్కండి, అటు ఆంధ్రా వైపు ఊళ్ళూ చూడండి. ఋషికుల్య ఒడ్డున గంజాం అనే ఊరు కూడా ఉంది, జాబితాలో జిల్లా గడిలో ఉన్న పేరును ఆ ఊరనుకుని చాలామంది పొరబడుతున్నారు. శ్రీకాకుళం చికాకోల్‌గా, విశాఖపట్నం వైజాగపట్టంగా రాసి ఉంటుంది. చిన్న ఊళ్ళ పేర్లు తెలుగు వినని గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా పడ్డాయి, కాబట్టి పైకి చదివి చూడండి, కళ్ళకు దొరకని ఊరు ఒక్కోసారి చెవికి దొరుకుతుంది.

ఇటువైపు మీరు చేయాల్సింది అమ్మమ్మగారి ఊరి పాత భూమి కాగితాలు చూడటం. కొత్తవి ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ సైట్‌లో ఉంటాయి, పాతవి తహసీల్దారు ఆఫీసులో అడగాలి. మద్రాసు కాలంనాటి ప్రభుత్వ ఫైళ్ళు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మారిషస్ వెళ్ళినవాళ్ళ సంగతి అడిగేవాళ్ళకూ ఇదే పద్ధతి, అక్కడ మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఈ రికార్డులు చూస్తుంది, కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి. ఫిజీవాళ్ళకు సువాలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో వలస పాసులు ఉన్నాయి.

ప్రశ్న: మా తాత రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి రెండో ప్రపంచ యుద్ధంలో నడిచి వచ్చేశాడు. మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. ఆయన ఎప్పుడు వెళ్ళాడో ఎవరికీ తెలీదు. నాయనమ్మకు తొంభై దాటాయి, కొన్ని మాటలే చెప్పగలదు. ఓడ జాబితా దొరుకుతుందా?

జవాబు: దీనికి నెటాల్ పద్ధతి పనికిరాదు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం, గోపాలపురంలో స్టీమరెక్కి రంగూన్‌లో దిగినవాడు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్ళిన లెక్కే. పాస్‌పోర్టు లేదు, నంబరు లేదు. ఊరి మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి గుంపుగా తీసుకెళ్ళేవాడు, కోతలప్పుడు వెళ్ళి మళ్ళీ వచ్చేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఒక్క తేదీ కాదు, మీ తాత ఎన్నో సార్లు వెళ్ళి ఉండొచ్చు.

కాగితం లేనిచోట మీ నాయనమ్మే కాగితం. దయచేసి ఈ వారంలోనే ఆవిడ దగ్గర కూర్చోండి, పండగకు చూద్దాం అనుకోకండి. ఏ ఏడాది అని అడిగితే ఆవిడ చెప్పలేదు, ఏమేం జరిగిందో అడగండి. రంగూన్‌లో భూమి కంపించినప్పుడు తాత అక్కడున్నాడా? అది 1930 మే 5. అదే నెల చివర్లో రేవులో మన తెలుగు కూలీలకూ బర్మావాళ్ళకూ పెద్ద గొడవలయ్యాయి, 1938 జులైలో మళ్ళీ అల్లర్లు, 1941 డిసెంబరు 23న బాంబులు పడ్డాయి. వీటిలో ఏది విన్నట్టుంది, ఏది విననట్టుంది అన్నదాన్ని బట్టి కాలం చాలావరకు తేలుతుంది. పిల్లల వయసులు కూడా వరసగా రాసుకోండి. ఇద్దరు పిల్లల మధ్య నాలుగేళ్ళో అయిదేళ్ళో ఎడం ఉంటే తాత అప్పుడు అక్కడ ఉన్నాడేమో అడగండి.

వచ్చిన దారి కూడా అడగండి. మణిపూర్ కొండల మీదుగా అయితే టాము, ఇంఫాల్, డిమాపూర్ దారి, మాండలే వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా అటు నడిచారు. చిట్టగాంగ్ అంటే ప్రోమ్ నుంచి అరకాన్ కొండలు దాటిన దారి. ఆ దారుల్లో ఆకలికీ కలరాకూ వేలమంది పోయారు, వాళ్ళ పేర్లు చాలావరకు ఎక్కడా నమోదు కాలేదు, మీ తాతతో బయల్దేరి ఊరు చేరనివాళ్ళ పేర్లు నాయనమ్మ చెబితే వాటిని తప్పకుండా రాయండి, ఆ పేర్లు ఇంకెవరి దగ్గరా ఉండకపోవచ్చు.

ఇంట్లో ట్రంకు పెట్టె ఉంటే మనియార్డరు రసీదులు, కవర్ల మీద పోస్టాఫీసు ముద్రలు చూడండి. ఊరి గుళ్ళో చందా ఇచ్చినవాళ్ళ పేర్ల రాయి ఉంటే అదీ చూడండి, రంగం డబ్బుతో కట్టినవాటి మీద ఏడాది చెక్కి ఉండొచ్చు. 1964 తర్వాత వెనక్కి వచ్చిన కుటుంబాలకు అయితే విదేశీయుల నమోదు కార్డు, భారత ఎంబసీ ఇచ్చిన ప్రయాణ పత్రం లాంటివి ఉంటాయి. తాత కర్మలకు గయ వెళ్ళి ఉంటే అక్కడి పండాల పుస్తకాల్లో మీ వాళ్ళ సంతకం ఉండే వీలుంది, కానీ వెళ్ళేటప్పుడు పాత జిల్లా పేరూ మీ పల్లె పేరూ చెప్పండి, ఆ పుస్తకాలు ఊరిని బట్టే ఉంటాయి.

ప్రశ్న: రాయగడ నుంచి రాస్తున్నాను. ఇంత వెతకడం ఎందుకు, డీఎన్ఏ టెస్టు చేయించుకుంటే తేలిపోదా?

జవాబు: ఓడ పేరూ తేదీ డీఎన్ఏలో ఉండవండి. దూరపు చుట్టమైతే చాలాసార్లు ఆ సంగతి చెప్పగలదు, అదీ ఆ చుట్టం కూడా టెస్టు చేయించుకుని ఉంటేనే. పైన బరంపురం పాఠకురాలి లాంటి సందర్భంలో, మూడు పేర్లలో రెండు కలిసి ఒకటి అనుమానంగా ఉన్నప్పుడు, రెండు వైపులా బతికున్నవాళ్ళలో పెద్దవాళ్ళ చేత, వాళ్ళ ఇష్టం అడిగి, చేయించండి. ముందు కాగితాలు, తర్వాతే అది.