సమాధానం: పక్క సెంటర్లను చూసి మెనూ మార్చొచ్చా?

జనం రుచి మాటిమాటికీ మారే వీధిలో టిఫిన్ సెంటర్ నడుపుతూ, పక్కవాళ్లను చూసి చేయాలా, సొంతంగా కొత్త ఐటమ్స్ పెట్టాలా అని అడిగారు కదండీ. మొహమాటపడకుండా చూసి చేయండి.

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రవేత్త కెవిన్ లాలండ్ బృందం దీని మీదే ఒక కంప్యూటర్ పోటీ పెట్టింది. ఫలితాలు 2010లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. మొత్తం 100 పనులు. దేనిలో ఎంత లాభమో ముందు తెలియదు, పైగా ఆ లాభాలు మారిపోతుంటాయి. ప్రతి వంతులో సొంతంగా కొత్తది నేర్చుకోవచ్చు, ఎదుటివాళ్లను గమనించవచ్చు, లేదా తెలిసిన పని చేసి లాభం తీసుకోవచ్చు. ఎప్పుడు ఏది చేయాలో చెప్పే 104 వ్యూహాలు పోటీపడితే, నేర్చుకోవడానికి దాదాపుగా గమనించడాన్నే నమ్ముకున్నది గెలిచింది. ఎందుకంటే ఎవరైనా తమకు తెలిసినవాటిలో గిట్టుబాటయ్యేదే చేస్తారు. అంటే మీ కంటికి కనిపించేది అప్పటికే వడపోత అయిపోయిన సరుకు.

అయితే గెలిచిన వ్యూహం పాత సమాచారానికి విలువ తగ్గించుకుంటూ పోయింది, నేర్చుకోవడానికే వంతులన్నీ ఖర్చుపెట్టలేదు. నా దృష్టిలో మీకు అసలు పనికొచ్చేది ఇదే. పక్క సెంటర్ బోర్డు చదవకండి, పొద్దున రద్దీలో ఏ ప్లేట్లు ఎక్కువ వెళ్తున్నాయో, ఏ చట్నీ గిన్నె ముందు ఖాళీ అవుతోందో చూడండి. పోయిన వేసవిలో ఆడిన ఐటమ్‌ని ఇప్పుడు నమ్ముకోవద్దు.

వీధంతా ఒకే మెనూ అయిపోతే మాత్రం చూసి నేర్చుకునేదేమీ మిగలదు. అప్పుడు మీరే ఒక కొత్త ఐటమ్ కొద్దిగా చేసి చూడండి.