తడిసిన ల్యాప్‌టాప్ మీద ఎంత పెట్టొచ్చు?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా పాప తిరుపతిలో హాస్టల్లో ఉండి బీటెక్ కంప్యూటర్ సైన్స్ త్రీ-వన్ చదువుతోంది. నవంబరు వానల్లో బస్టాండు నుంచి స్నేహితురాలి స్కూటీ మీద పోతుంటే బ్యాగు తడిసి ల్యాప్‌టాప్‌లోకి నీళ్లు పోయినాయి. హాస్టల్‌కు పోయినాక ఆన్ చేసి చూసిందంట. కాసేపు పనిచేసి ఆగిపోయింది. మూడు రోజులు బియ్యంలో పెట్టినారు, ఏమీ లాభం లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మదర్‌బోర్డు మార్చాలి, 28,000 అవుతుందన్నారు. బయట షాపులో 7,500కు ప్రయత్నం చేస్తాం, గ్యారంటీ చెప్పలేం అన్నారు. రెండేళ్ల కింద ఇంజనీరింగ్‌లో చేర్చేటప్పుడు 52,000 పెట్టి కొన్నాం. వచ్చే జూలై నుంచి క్యాంపస్‌కు కంపెనీలు వస్తాయంటోంది. మా బావమరిది అంతదాకా సెల్‌ఫోన్‌లో చదువుకోమంటున్నాడు. చేయించాలా, కొత్తది కొనాలా? ఇన్సూరెన్స్ ఏమన్నా వస్తుందా?
— ఒక తండ్రి, చిత్తూరు జిల్లా

జవాబు: మీ బావమరిది మాటతోనే మొదలుపెడతాను, అది తొందరగా తేలిపోతుంది. పాఠాలు వినడానికి ఫోన్ చాలు. ప్రోగ్రాం రాసి, నడిపి, తప్పెక్కడుందో వెతికి దిద్దుకోవడానికి చాలదు. కంప్యూటర్ సైన్స్ పిల్లకు రోజూ చేతికింద కీబోర్డు ఉండాల్సిందే. ఇక తేల్చాల్సింది ఎంతలో, ఎన్నాళ్లకు అన్నది.

పాప ఫోర్-టూ పూర్తయ్యేదాకా సుమారు ఏడాదిన్నర. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరితే పనికి కావాల్సిన ల్యాప్‌టాప్ చాలావరకు కంపెనీయే ఇస్తుంది. అంటే ఇప్పుడు మీరు పెట్టే డబ్బుకు ఏడాదిన్నర పని రావాలి, అంతే. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడ పాత బిల్లు తీస్తారు. ‘అంత పోసి కొన్నాం, ఇంకో 28,000 పెడితే నిలబడుతుంది కదా’ అంటారు. ఆ 52,000 నాలుగు సెమిస్టర్ల చదువుకు ఖర్చయిపోయింది. దాన్ని ఈ లెక్కలోకి తేకండి.

డబ్బు మాట తర్వాత. ఇన్సూరెన్స్ ప్లాను లేదని తేలితే (దాని సంగతి చివర్లో చెప్పాను) ముందు లోపలున్న సరుకు బయటికి తీయించండి: ప్రాజెక్టు ఫైళ్లు, రికార్డులు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు. బోర్డు పోయినా ఫైళ్లన్నీ దాచే డిస్కు, అంటే ఎస్‌ఎస్‌డీ, చాలాసార్లు బతికే ఉంటుంది. వేలెడు పొడవు పట్టీ అది, ఒక్క స్క్రూతో ఊడి వస్తుంది. కొన్ని పలచటి మోడళ్లలో మాత్రం బోర్డుకే సోల్డరు చేసి ఉంటుంది. వాటి సంగతి వేరు. ఊడేదైతే ఒక యూఎస్‌బీ కేసులో పెట్టి స్నేహితురాలి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ఫైళ్లు కనబడాలి. ఇక్కడ చాలామంది బెదిరిపోయే చోటు ఒకటుంది. విండోస్ 11 ఉన్న మెషిన్లలో డిస్కుకు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం పడి ఉండొచ్చు. వేరే కంప్యూటర్‌కు తగిలించగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. షాపులో కొందరు ‘డేటా పోయింది, ఫార్మాట్ చేస్తాం’ అనేది ఈ తెర చూసే. ఒప్పుకోవద్దు. పాప ల్యాప్‌టాప్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్ నుంచే లాగిన్ అయితే ఆ కీ సాధారణంగా అక్కడ దొరుకుతుంది. షాపుకు ఇచ్చే ముందే ఎస్‌ఎస్‌డీ తీసి పాప దగ్గరే ఉంచుకోమనండి. బోర్డు లేచిందో లేదో చూడటానికి అది అక్కర్లేదు.

ఇక 28,000. నాకైతే నచ్చలేదు. కొత్త బోర్డు మంచిదే, మరమ్మతు చేసిన బోర్డు కంటే నమ్మకం ఎక్కువే. కానీ నీళ్లు బోర్డును మాత్రమే తడిపి ఊరుకోవు. కీబోర్డు, టచ్‌ప్యాడ్, స్క్రీన్ కేబుల్, బ్యాటరీ కొన్నాళ్ల తర్వాత ఒక్కొక్కటే మొరాయించవచ్చు, బోర్డు బిల్లులో వాటి పూచీ ఉండదు. నేను పెట్టుకున్న గీత ఇది: అదే పని చేసే కొత్త ల్యాప్‌టాప్ ధరలో మూడోవంతు దాటితే రిపేరు వద్దు. గ్యారంటీ లేని పనికైతే అందులో సగం కూడా దాటొద్దు. ఆ లెక్కన మీ 7,500 గీత లోపలే ఉంది. ప్రయత్నించొచ్చు. అయితే షాపువాళ్ల మాట మీద కాదు, బోర్డు కళ్లతో చూశాక.

పాపనో, ఆమెతో వెళ్లే ఎవరినో ‘అన్నా, విప్పి లైటు కింద ఒకసారి చూపించు’ అని అడగమనండి. ఛార్జింగ్ పిన్ను దగ్గర, బ్యాటరీ కనెక్టర్ చుట్టూ పచ్చగానో తెల్లగానో చిలుము పట్టి ఉంటుంది. అది ఒకటి రెండు చోట్లే ఉంటే ఆశ ఉంది: ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, షార్ట్ అయిన చిన్న భాగాలు మీటరుతో పట్టుకుని మారుస్తారు. ఇదే చిప్ లెవెల్ పని. చిలుము ప్రాసెసర్ చుట్టూ, పెద్ద చిప్పుల అడుగుకు పాకి ఉంటే ఆ డబ్బు పెట్టకండి. చిప్పు కింద సోల్డరు బంతుల దాకా బ్రష్షు పోదు. పైపైన కడిగి ఆన్ చేసి చూపిస్తారు, నెలకో రెండు నెలలకో మళ్లీ పడిపోతుంది. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం రిపేరు మాట పక్కనబెట్టి ముందు దాన్ని తీసేయించాలి. ఉబ్బినదాన్ని ఛార్జింగ్ పెట్టడం ప్రమాదం.

పని ఒప్పుకునేటప్పుడు స్లిప్పు మీద మూడు మాటలు రాయించండి: బోర్డు లేవకపోతే చెకింగ్ ఛార్జీ ఎంత, లేస్తే ఎన్ని రోజుల గ్యారంటీ, అడగకుండా 7,500 దాటకూడదని. ‘గ్యారంటీ చెప్పలేం’ అన్న షాపు కూడా గట్టిగా అడిగితే 30 రోజులు రాసివ్వొచ్చు. రాయనంటే ఇంకో షాపు చూడండి, తిరుపతిలో కొదవ లేదు. చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు తీసుకుపొమ్మని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అక్కడ పనిమంతులు ఉన్నారు, నిజమే. కానీ తిరగబెట్టినప్పుడల్లా ఒక రోజు, బస్సు ఛార్జీలు పోతాయి. ఇక్కడివాళ్లు చేతులెత్తేస్తేనే అటు చూడండి.

బియ్యం గురించి ఒక మాట, వచ్చే ఏడాది వానల్లో ఇంకొకరికి పనికొస్తుంది. బ్యాటరీ లోపలే ఉంటుంది కాబట్టి ఆఫ్ చేసినా బోర్డులో కొన్ని దారుల్లో కరెంటు ఉంటుంది. తడి, కరెంటు కలిసిన చోట రాగి తినేసుకుపోతుంది. బియ్యం బయట ఉండి దాన్ని ఆపలేదు. తడిసిన వెంటనే ఛార్జర్ పీకి, పవర్ బటన్ నొక్కిపట్టి ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేయకుండా ఆ రోజే విప్పించి బ్యాటరీ తీయించాలి. పాప ఆన్ చేసి చూసిందని కోప్పడకండి. పనిచేస్తోందో లేదోనన్న భయంతో ఎవరైనా చేసే పనే అది.

రిపేరు అయి వచ్చాక జూలై దాకా దాన్ని పరీక్ష పెట్టండి. కంపెనీల ఆన్‌లైన్ టెస్టుల్లో కెమెరా, మైకు ఆన్‌లో ఉంచి గంటల తరబడి రాయించొచ్చు. తడిసిన మెషిన్ సరిగ్గా అలాంటి వేడిలోనే చేతులెత్తేస్తుంది. మధ్యలో ఆగిపోతే మళ్లీ రాయనిస్తారన్న భరోసా లేదు. అందుకే ఇంట్లో బాగా నడుస్తోందని మురిసిపోకుండా, ముఖ్యమైన టెస్టులు కాలేజీ ల్యాబ్‌లో రాయనిస్తారేమో ప్లేస్‌మెంట్ సెల్‌లో ఇప్పుడే కనుక్కోమనండి. కోడ్ ఏ రోజుది ఆ రోజు గిట్‌హబ్‌లో (ఆన్‌లైన్‌లో కోడ్ దాచుకునే సైటు) పెట్టడం అలవాటు చేసుకుంటే మెషిన్ పడినా పని పోదు. ఇంటర్వ్యూలో ‘నువ్వేం చేశావు’ అని అడిగినప్పుడు చూపించడానికీ అదే పనికొస్తుంది.

7,500 పెట్టినా లేవకపోతే, లేచి మళ్లీ పడితే, ఇంక దాని మీద రూపాయి పెట్టొద్దు. అప్పుడు కూడా వాయిదాల్లో 55,000ది కొనే తొందర అక్కర్లేదు. ఆఫీసుల్లో వాడి తీసేసిన బిజినెస్ ల్యాప్‌టాపులు సగం ధరకే దొరుకుతాయి. కొనేటప్పుడు విండోస్ 11 నడిచేదేనా అని చూడండి: ఇంటెల్ అయితే 8వ తరం ప్రాసెసర్ లేదా ఆ పైది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగిపోయింది కాబట్టి అంతకంటే పాతవి చౌకగా అంటగడతారు. 16 జీబీ ర్యామ్ ఉంటే మేలు. ఎస్‌ఎస్‌డీ మీ దగ్గర ఎలాగూ ఉంది.

ఇన్సూరెన్స్ అడిగారు. మామూలు వారంటీలో నీళ్లు పోయిన కేసులు రావు. కొనేటప్పుడు ‘యాక్సిడెంటల్ డ్యామేజ్’ ప్లాను వేరుగా తీసుకుని ఉంటే, అది ఇంకా గడువులో ఉంటే మాత్రం వస్తుంది. అలాంటప్పుడు బయట షాపువాళ్లు విప్పితే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. కాబట్టి ఎస్‌ఎస్‌డీ తీయడంతో సహా ఏ పనైనా మొదలుపెట్టే ముందు ఆ పాత బిల్లు వెతకండి, ఆన్‌లైన్‌లో కొని ఉంటే పాప మెయిల్‌లో ఉంటుంది.