"యూ ఆర్ గుడ్" అంటే మెచ్చుకోవడం కాదు

ఆగస్టులో చదువుకోడానికి డాలస్ వచ్చిన ఒక తమ్ముడు మొన్న అడిగాడు: "అన్నా, లైసెన్స్ ఆఫీసులో ఆవిడ నా కాగితాలన్నీ చూసి 'యూ ఆర్ గుడ్' అంది. థాంక్యూ చెప్పి అక్కడే నిలబడ్డాను. మళ్ళీ అదే మాట కొంచెం గట్టిగా అంది. నేనేమైనా తప్పు చేశానా?"

తప్పేమీ లేదు తమ్ముడూ. నీ పని అయిపోయింది, ఇక వెళ్ళొచ్చు అని చెప్పిందామె. మన ఊళ్ళో పెద్దాయనతో మాట్లాడ్డం అయ్యాక ఆయన "మంచిది" అంటే మనం లేచి బయల్దేరతాం కదా, అచ్చం అదే. దారిలో ఎవరికైనా భుజం తగిలి సారీ చెప్పినా ఇదే మాట అంటారు. అప్పుడు దానర్థం "పర్లేదు".

ఇంతకన్నా జాగ్రత్త పడాల్సింది "ఐ యామ్ గుడ్" దగ్గర. "హౌ ఆర్ యూ" అని అడిగితే ఆ జవాబుకి "బాగున్నాను" అని అర్థం. "కాఫీ తాగుతావా" అని అడిగితే అదే జవాబుకి "వద్దు" అని అర్థం. మన ఇళ్ళల్లో మొదటిసారి మొహమాటానికి వద్దంటాం. అవతలివాళ్ళు "అయ్యో, కొంచెమైనా వేసుకోండి" అంటారని మనకు తెలుసు. ఇక్కడ రెండోసారి అడగరు. అది నిర్లక్ష్యం కాదు, నీ మాటను గౌరవించడం. నేను 2001లో వచ్చిన కొత్తల్లో మా రూమ్మేట్ ఒకతను మేనేజరు ఇంట్లో భోజనానికి వెళ్ళి, రెండోసారి వడ్డించబోతే మర్యాదగా "ఐ యామ్ గుడ్" అన్నాడు. గిన్నె పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి కుక్కర్ పెట్టుకున్నాడు. ఆకలిగా ఉంటే "యెస్ ప్లీజ్" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

"ఎయిర్‌పోర్టుకి ఎ గుడ్ టూ అవర్స్ పడుతుంది" అంటే హాయిగా రెండు గంటల్లో చేరతామని కాదు, రెండు గంటలకు తక్కువ పట్టదని. మనమూ "మంచి ఎండలో వచ్చాడు" అంటాం, ఆ ఎండ మంచిదనా? లైసెన్స్ "స్టిల్ గుడ్" అంటే ఇంకా గడువు ఉన్నట్టు. ఎవరైనా "ఫర్ గుడ్" వెళ్ళిపోయారంటే ఇక తిరిగి రారని. "గుడ్ విత్ దట్" అంటే ఒప్పుకోవడం, "గుడ్ ఎట్ దట్" అంటే ఆ పని బాగా చేతనవడం. ఇంటర్వ్యూలో ఈ రెండూ తారుమారు కాకూడదు. ఇంగ్లండ్ వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట: అక్కడ మీ పనిని "క్వైట్ గుడ్" అంటే చాలాసార్లు "ఫరవాలేదు" అనే అర్థం, అమెరికాలో అయితే "చాలా బాగుంది" అని.

అమ్మానాన్నలను పిలిపించుకునేవాళ్ళు మాత్రం ఇది తప్పకుండా వినాలి. 2014లో మా దగ్గరికి వచ్చిన అమ్మ బాత్రూంలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయిన రాత్రి, నేను బట్టలు తేవడానికి ఇంటికెళ్ళినప్పుడు, నర్సు రెండుసార్లు తలుపు దగ్గర ఆగి "యూ గుడ్?" అని అడిగిందట. అమ్మకు తెలిసిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అదొకటి. నర్సు అడిగింది నొప్పేమైనా ఉందా, ఏమైనా కావాలా అని. అమ్మేమో పిల్ల ప్రేమగా పలకరించిందనుకుని నవ్వి, "గుడ్, గుడ్" అంది. ఇక నొప్పిమందు ఎవరిస్తారు? నేను తిరిగొచ్చేసరికి దుప్పటి కొంగు పళ్ళ మధ్య నొక్కిపెట్టుకుని గోడవైపు చూస్తోంది. నర్సుని ఏమనగలను, అమ్మ చెప్పిన మాటే ఆమె నమ్మింది.

ఇక్కడి ఆసుపత్రుల్లో నొప్పిని అంకెల్లో అడుగుతారు. సున్నా అంటే అసలు లేదని, పది అంటే ఇంతకుమించి ఉండదని. ఆ రాత్రి అమ్మకి అది నేర్పాను. "ఎవరేమడిగినా గుడ్ అనకమ్మా, వేళ్ళు చూపించు" అన్నాను. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడగండి. ఫెడరల్ ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఆ సాయం ఉచితంగా చేయాలని చట్టం ఉంది. నాకది అప్పటికి తెలియదు, ఎవరూ చెప్పలేదు.

తెల్లవారుజామున వేరే నర్సు వచ్చి "ఆర్ యూ గుడ్, మామ్?" అంది. అమ్మ ఒకసారి నావైపు చూసి, దుప్పట్లోంచి రెండు చేతులూ బయటికి తీసి, ఏడు వేళ్ళు చూపించింది.