సొంత పేరుతోనే వెక్కిరిస్తున్నాడు

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయికి పదిహేనేళ్లు. ఇంట్లో నోరెత్తి మాట్లాడడు. మొన్న క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో తోటి కుర్రాడి నత్తిని వెక్కిరిస్తూ పెట్టిన మెసేజ్‌లు చూసి నాకు కాళ్లు వణికాయి. దొంగ పేరుతో కూడా కాదు, సొంత పేరుతోనే! అడిగితే ‘జోకేనమ్మా, అందరూ నవ్వారు’ అన్నాడు. వీడిలో ఇంత విషం ఉందా? ఫోన్ లాగేసుకోనా?
- ఓ తల్లి

జవాబు: విషం అనే మాట పక్కన పెట్టండమ్మా. పేరు కనపడదనే ధైర్యంతోనే పిల్లలు రెచ్చిపోతారని నేనూ చాలాకాలం అనుకున్నాను. 2012లో ఇజ్రాయెల్ పరిశోధకులు లపిడాట్-లెఫ్లర్, బరాక్ కొందరిని జంటలుగా చాట్ చేయించి చూశారు. తిట్లకీ బెదిరింపులకీ పేరు తెలియకపోవడం కన్నా ఎదుటివాళ్ల కళ్లు కనపడకపోవడమే పెద్ద కారణమని తేలింది. ఆ కుర్రాడు ఎదురుగా ఉంటే మొదటి మాటకే ముఖం చిన్నబోయేది, మీవాడు రెండో మాట మింగేసేవాడు. ఫోన్‌లో వాడికి కనిపించింది నవ్వే ఎమోజీలు మాత్రమే.

ఈ వయసులో ఆ నవ్వులకు బలం ఎక్కువ. 2005లో అమెరికా పరిశోధకులు గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ కారు నడిపే వీడియో గేమ్ ఆడించారు. పక్కన స్నేహితులుంటే టీనేజర్ల దుడుకుతనం దాదాపు రెట్టింపైంది, పెద్దవాళ్లలో పెద్దగా మారలేదు. మీవాడి పక్కన క్లాసంతా కూర్చుని ఉంది మరి.

ఇక ‘జోకే’ అన్న మాట. చేసిన తప్పు తనకే గుచ్చుకోకుండా మనసు వేసుకునే తొడుగు అది. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బాందూరా ఈ తొడుగుల మీద చాలా రాశారు. ‘వాడే మొదలెట్టాడు’ అనేది ఇంకోటి. (పెద్దవాళ్లమూ వేసుకుంటాం, నన్నూ కలుపుకుని.)

ఫోన్ లాక్కోకండి. లాక్కుంటే ఆ మాటలు ఇంకో ఫోన్‌లోంచి వస్తాయి, మీకు కనపడవు, అంతే. ఆ మెసేజ్‌లన్నీ మీ ముందు కూర్చుని పైకి చదవమనండి. మీరు ఏమీ అనొద్దు. నా దగ్గరికొచ్చిన పిల్లల్లో చాలామంది సగంలోనే ఆగిపోయారు. తర్వాత ఆ కుర్రాడికి నేరుగా సారీ చెప్పాలి. మెసేజ్‌లో కాదు, గ్రూప్‌లో అసలే కాదు.

మీవాణ్ని కూడా ఎవరైనా ఏడిపిస్తున్నారేమో నెమ్మదిగా కనుక్కోండి. ఇంట్లో అంత మౌనం అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆ మెసేజ్‌లు ఎన్ని గంటలకు పెట్టాడో కూడా చూడండి. అర్ధరాత్రి దాటాక పెట్టినవైతే వాడి నిద్ర సంగతి మాట్లాడుకోవాలి, మళ్లీ రాయండి.