వేడెక్కాక ఆగిపోయే పాత కబ్ కేడెట్ 128: కార్బురేటర్ ఇప్పుడే కొనకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: అమెరికాలోని ఒహాయోలో ఒక పెద్దాయన దగ్గర పాత కబ్ కేడెట్ 128, అంటే గడ్డి కోసే చిన్న ట్రాక్టర్, కొన్నారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతోంది. ఇరవై నిమిషాలు గడ్డి కోశాక ఆగిపోతోంది, గంట వదిలేస్తే మళ్ళీ మామూలే. దగ్గర్లోని షాపువాళ్ళు ఇంత పాత బండి మేం ముట్టుకోం అన్నారు. కొత్త కార్బురేటర్ వేస్తే సరిపోతుందా అని.

ఇప్పుడే వేయకండి. చల్లగా స్టార్ట్ అయి, బ్లేడు లోడు మీద ఇరవై నిమిషాలు నడిచిన బండికి కార్బురేటర్ చాలావరకు బాగానే ఉన్నట్టు. నా దగ్గరున్నది మీ దానికి అన్నలాంటి 126. రెండింట్లోనూ ఒకటే ఇంజిన్, 12 హార్స్‌పవర్ కోలర్ కే301. సరిగ్గా ఇదే జబ్బు దానికీ వచ్చింది. కనక చేతులతో చేసి చూసిందే చెబుతున్నాను.

మీ బండి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళు 1970ల మొదట్లో చేసింది. ఆ కంపెనీ 1981లో కబ్ కేడెట్‌ని ఎంటీడీ అనే కంపెనీకి అమ్మేసింది. కాబట్టి ఈ మోడల్ గురించి అడిగితే ఇప్పటి డీలర్లు ముఖం తిప్పుకోవడంలో వింత లేదు. కానీ ఇందులో కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. సింగిల్ సిలిండర్, సిలిండర్ పక్కనే ఉండే వాల్వులు, బయటే కనిపించే ఇగ్నిషన్ కాయిల్ (బ్యాటరీ కరెంటుని ప్లగ్‌కి సరిపడా పెంచేది), ఒక సీబీ పాయింట్ (కాయిల్ కరెంటుని తెంచి ప్లగ్‌లో రవ్వ పుట్టించే స్విచ్చు). మన దగ్గర రాజ్‌దూత్‌లూ పాత బుల్లెట్లూ నడిపినవాళ్ళకి ఆ పక్క వాల్వులు తప్ప ఇందులో కొత్త వస్తువేదీ కనిపించదు.

వేడి మీద వచ్చే తేడాని వేడి మీదే పట్టుకోవాలి. రోగి లేచి తిరుగుతున్నప్పుడు నాడి చూసి లాభం లేదు. ఆగిపోయిన బండిని షెడ్డులోకి తోసేసి మర్నాడు పొద్దున విప్పితే అన్నీ బాగానే కనిపిస్తాయి. అందుకే ఈసారి గడ్డి కోయడానికి వెళ్ళేటప్పుడే ప్లగ్ పానా, స్పార్క్ టెస్టర్ (ప్లగ్ వైరులో కరెంటు వస్తోందో లేదో చూపించేది), రెండు చివర్లా క్లిప్పులున్న ఒక జంపర్ వైరు, మందపాటి గ్లవ్స్ జేబులో పెట్టుకుని వెళ్ళండి.

అసలు ఎలా ఆగుతోందో కూడా చెవి పెట్టి వినండి. తాళం తీసేసినట్టు టక్కున ఆగితే అనుమానం కరెంటు మీద, అంటే ప్లగ్‌లో పడే నిప్పురవ్వ మీద. దగ్గుతూ, ఎగసి పడుతూ, రెండు మూడుసార్లు తేరుకోబోయి ఆగితే పెట్రోలు అందడం లేదు. బలం తగ్గుతూ తగ్గుతూ, ఎత్తు ఎక్కలేక మూలిగి ఆగితే వాల్వులూ వేడీ చూడాలి. నూటికి నూరుపాళ్ళు ఇలాగే ఉంటుందని అనను, కానీ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది.

బండి తడబడటం మొదలైన క్షణంలోనే చోక్ సగం లాగండి. తేరుకుందా? అయితే పెట్రోలు తక్కువ పడుతోంది. ట్యాంకు మూత ఒక పావు తిప్పి వదులు చేయండి. ఈ బండిలో పెట్రోలు పైనుంచి కిందికి తనంతట తనే జారుతుంది. మూతలో గాలి రంధ్రం పూడుకుపోతే కాసేపటికి ట్యాంకులో గాలి పీల్చుకున్నట్టయి ధార సన్నబడుతుంది. మూత తిప్పగానే సుయ్యిమని చప్పుడొచ్చి బండి మామూలైతే మీ రిపేరు ఖర్చు ఒక సూది. చప్పుడు రాకపోతే, బండి చల్లారాక మర్నాడు ట్యాంకు కింది గాజు గిన్నె, జల్లెడ, రబ్బరు పైపు చూడండి. ఇక్కడి పెట్రోల్లో చాలావరకు 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు దానికి లోపలివైపు ఉబ్బుతుంది, బయటికి మాత్రం నిక్షేపంలా కనిపిస్తుంది. పైపు మార్చడానికి అయ్యేది కొద్ది డాలర్లే, అనుమానం ఉంటే మార్చేయండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: వేడి ఇంజిన్ మీద పెట్రోలు పైపు ఊడదీయకండి. సైలెన్సరు పక్కనే ఉంటుంది.

చోక్‌కి తేడా రాకపోతే కరెంటు చూద్దాం. ఆగిన వెంటనే ప్లగ్ వైరుకి టెస్టర్ తగిలించి సెల్ఫ్ కొట్టండి. ప్లగ్ ఊడదీసి ఇంజిన్‌కి ఆనించి చూసే మన పద్ధతి కూడా పని చేస్తుంది గానీ, ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి బయటికి వస్తుంది. ప్లగ్ దానికి దూరంగా పెట్టాలి. టెస్టర్ ఉంటే ఆ గొడవే లేదు.

కరెంటు రాలేదనుకోండి, లేదా పసుపు పచ్చగా నీరసంగా వస్తోందనుకోండి. వెంటనే కాయిల్ ఆర్డర్ పెట్టేయకండి. జంపర్ వైరు బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా కాయిల్ ప్లస్‌కి తగిలించి సెల్ఫ్ కొట్టండి. ఇంజిన్ అందుకుంటే కాయిల్‌కి పాపం లేదు. తాళం స్విచ్చో, దాని వెనకాల తుప్పు పట్టిన కనెక్షనో వేడికి పట్టు వదిలేస్తోంది. వైరు అలా ఉన్నంతసేపూ తాళం తిప్పినా ఇంజిన్ ఆగదు, వైరు పీకితేనే ఆగుతుంది. ఇది ముందే గుర్తుపెట్టుకోండి, లేకపోతే కంగారు పడతారు. ఇంజిన్ నడవనప్పుడు ఆ వైరు వదిలేసి వెళ్ళిపోవడం కూడా మంచిది కాదు, పాయింట్ మూసుకున్న చోట ఆగి ఉంటే కాయిల్ ఊరికే కాగిపోతుంది.

జంపర్‌తోనూ అందుకోకపోతే ముందు కండెన్సర్ (పాయింట్ దగ్గర నిప్పురవ్వలు లేవకుండా చూసే చిన్న డబ్బా), తర్వాత పాయింట్, చివర్న కాయిల్. కండెన్సర్ చవక, వేడికి ముందు చచ్చేది కూడా చాలాసార్లు అదే. పాయింట్ మూత తీసి ఇంజిన్ తిప్పుతుంటే అక్కడ పెద్ద పెద్ద నిప్పురవ్వలు కనిపిస్తున్నాయంటే కండెన్సర్ పని చేయడం లేదు. పాయింట్ మొహాలు నల్లగా ఉంటే సన్నటి ఫైల్‌తో ఒకసారి రుద్ది, తెల్ల కాగితం మధ్యలో పెట్టి లాగి శుభ్రం చేయండి. గ్యాప్ 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే సుమారు అర మిల్లీమీటరు. ప్లగ్ గ్యాప్ 35 థౌ. ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) మీద ఎస్ గుర్తు దగ్గర పాయింట్ విచ్చుకుంటోందో లేదో మల్టీమీటర్‌తో చూసుకుంటే టైమింగ్, అంటే రవ్వ పడే సమయం, కూడా సరిచూసినట్టే. కాయిల్ కొనాల్సి వస్తే విడిగా రెసిస్టర్ అక్కర్లేని 12 వోల్టుల రకం అడగండి. కారు కాయిల్స్ కొన్నిటికి బయట రెసిస్టర్ ఉండాలి, అది లేకుండా పెడితే పాయింట్ త్వరగా కాలిపోతుంది. ఇంకో మాట, కొత్త కండెన్సర్ వేసినా పాతది పారేయకండి. ఇప్పుడు దొరికే చవక రకాలు డబ్బాలోంచి తీసేటప్పుడే పనికిరానివి ఉంటున్నాయి.

నా బండి సంగతి ఇక్కడే వేరు. ఆగిన మరు నిమిషంలో చూసినా కరెంటు నీలంగా, చిటచిటా చప్పుడుతో వస్తోంది. మూత వదులు చేసినా, చోక్ లాగినా మార్పు లేదు. గుడివాడలో మా మావయ్యకి ఆయిల్ ఇంజిన్ల షెడ్డు ఉండేది. వీడియో కాల్‌లో ఇంజిన్ చూపించాను. ఈ బండిని ఆయన జన్మలో చూడలేదు. "ఒరేయ్, చల్లగా ఉన్నప్పుడు చక్రం ఎదురు కొడుతోందా? వేడి మీద కూడా అట్లాగే కొడుతోందా?" అని అడిగాడు. సిలిండర్లో గాలి గట్టిగా నొక్కుకుంటోందా, ఆ కంప్రెషన్ వేడి మీద కూడా నిలుస్తోందా అని. అంతే.

దీన్లో చిన్న మెలిక ఉంది. ఈ కే301లో సెల్ఫ్‌కి బరువు తగ్గించడానికి క్యామ్‌షాఫ్ట్ (వాల్వులని ఎత్తే ఇరుసు) మీద ఆటోమేటిక్ కంప్రెషన్ రిలీజ్ పెట్టారు. మెల్లగా తిప్పినప్పుడు అది ఎగ్జాస్ట్ వాల్వుని (కాలిన పొగని బయటికి వదిలేదాన్ని) కొద్దిగా ఎత్తి పట్టుకుంటుంది. అందుకని మామూలు దిక్కులో చేత్తో తిప్పితే ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ కూడా ఉత్తదిలాగే అనిపిస్తుంది, కంప్రెషన్ గేజ్ పెట్టినా తక్కువే చూపిస్తుంది. గేజ్ చూసి రింగులు పోయాయని ఇంజిన్ అంతా విప్పేసినవాళ్ళున్నారు. తిప్పాల్సింది వెనక్కి. తాళం తీసేసి, ప్లగ్ వైరు పీకి దూరంగా కట్టేసి, ప్లగ్ మాత్రం దాని చోట్లోనే ఉంచి, గేరు న్యూట్రల్ చేసి, గ్లవ్స్ వేసుకుని ముందువైపు పుల్లీ పట్టుకుని ఇంజిన్ నడిచే దిక్కుకి ఎదురుగా జోరుగా తిప్పండి. వాల్వులు సరిగ్గా మూసుకుంటుంటే పిస్టన్ దాన్ని వెనక్కి తన్నేస్తుంది, చేతికి తెలుస్తుంది.

నా దాంట్లో పొద్దున ఆ తన్ను మణికట్టు దాకా వచ్చింది. గడ్డి కోసి ఆగాక అదే పుల్లీ మెత్తగా జారిపోయింది, తన్నే లేదు. గంట తర్వాత మళ్ళీ తన్నింది. ఇక అనుమానమే లేదు, ఎగ్జాస్ట్ ట్యాపెట్ (వాల్వు కాడని కిందనుంచి పైకి నెట్టేది) టైటు. ఇలాంటి ఇంజిన్లలో ఏళ్ళ తరబడి వాల్వు తన సీటులోకి కొద్దికొద్దిగా కూరుకుపోతుంది, ఆ మేరకు కాడ కిందికి దిగి ట్యాపెట్‌కీ దానికీ మధ్య సందు తగ్గిపోతుంది. వేడెక్కి కాడ పొడవు పెరిగేసరికి ఆ మిగిలిన సందు కూడా పోయి వాల్వు పూర్తిగా మూసుకోదు.

ట్యాపెట్లు కార్బురేటర్ దిగువన బ్రీదర్ ప్లేటు (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే చోటి మూత) వెనకాల ఉంటాయి. చోటు ఇరుకు, నేను కార్బురేటర్ పక్కకి తీసే చేశాను. కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు, ఇంజిన్ బాగా చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఇన్‌టేక్ 8 నుంచి 10 థౌ, ఎగ్జాస్ట్ 17 నుంచి 20 థౌ ఉండాలి. నా ఎగ్జాస్ట్ దగ్గర ఫీలర్ గేజ్‌లో (సందులు కొలిచే రేకుల కట్టలో) అన్నిటికంటే పలచటి రేకు కూడా దూరలేదు. వాల్వు కాడకి మసి అంటుకుని నిగనిగలాడుతోంది. కే301లో ట్యాపెట్లకి అడ్జస్ట్ చేసే స్క్రూ ఉంటుంది కాబట్టి బతికిపోయాం. ఇదే కుటుంబంలో చిన్నవైన కే161, కే181లలో అది లేదు, వాల్వు తీసి కాడ చివర అరగదీయాలి. మామూలు పానాలు మందం ఎక్కువై అక్కడ పట్టవు, పలచటివి తెచ్చుకోండి. బ్రీదర్ గాస్కెట్ కొత్తది వేయండి, పాతది మళ్ళీ వేస్తే ఆయిల్ కారుతుంది.

ట్యాపెట్ల జోలికి వెళ్ళకముందే ఇంజిన్ మీది రేకు తొడుగు విప్పి చూడటం మాత్రం ఎవరికైనా తప్పదు. ఈ ఇంజిన్‌ని చల్లార్చేది ఫ్లైవీల్ విసిరే గాలే. నా దాంట్లో సిలిండర్ రెక్కల మధ్య ఎండుగడ్డి, ఆయిల్ కలిసి అట్టలా గట్టిపడిపోయింది. పైన ఎలుక గూడు, అందులో వాల్‌నట్ తొక్కలు. చెక్క పుల్లతో గీకి, బ్రష్ కొట్టి, గాలి పట్టాను. ఆ వేడే వాల్వు సీటుని తినేసిందని నా నమ్మకం. బయటినుంచి చూస్తే తొడుగు మాత్రం శుభ్రంగా తుడిచి, పసుపు రంగు మెరుస్తూ ఉండేది. మీకు అమ్మిన పెద్దాయన కూడా ఎంత బాగా చూసుకున్నా ఆ తొడుగు విప్పి ఉంటారని అనుకోను.

ఆయిల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ ఇంజిన్‌లో ఆయిల్ పంపు లేదు, కనెక్టింగ్ రాడ్ అడుగున ఉన్న చిన్న గరిటె ఆయిల్‌ని చిమ్ముతూ ఉంటుంది. మట్టం తగ్గితే దానికి అందదు, రాడ్ విరిగి ఇంజిన్ గోడ పగలగొట్టుకుని బయటికి వస్తుంది. ఇప్పటికే వేడి సమస్య ఉన్న బండి కాబట్టి ప్రతిసారీ డిప్‌స్టిక్ చూశాకే తాళం తిప్పండి. ఎండాకాలంలో సాదా ఎస్ఏఈ 30 చాలు.

ఇవన్నీ అయ్యాక కూడా తేడా ఉంటే అప్పుడు కార్బురేటర్. అప్పుడు కూడా కొత్తది కాదు, ఉన్నదాన్నే విప్పి కడిగి, గాస్కెట్లు మార్చండి. దాని పోత, పనితనం ఇప్పుడు నెట్‌లో దొరికే చవక నకళ్ళకి రావు.

ఈ వారాంతం గడ్డి కోసేటప్పుడు మూడు విషయాలు చూసి ఇక్కడే రాయండి: ఎలా ఆగింది, వేడి మీద కరెంటు ఏ రంగులో వచ్చింది, పుల్లీ వెనక్కి తిప్పితే చల్లగా ఉన్నప్పటికీ వేడి మీదికీ తేడా ఉందా. పాయింట్ డబ్బా మూత తీసిన ఫోటో ఒకటి పెడితే ఇంకా మంచిది.