లాజరస్‌ను సోర్సు నుంచి కంపైల్ చేస్తుంటే ‘కాంట్ ఫైండ్ యూనిట్ సిస్టమ్’ అని ఆగిపోతోంది, పాతదంతా తీసేయాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: లినక్స్‌లో ప్యాకేజీ మేనేజర్ ఇచ్చిన లాజరస్ (పాస్కల్ ప్రోగ్రాములు రాసుకునే ఐడీఈ, అంటే రాయడం, కంపైల్ చేయడం అన్నీ ఒకేచోట జరిగే ప్రోగ్రాం) పాతదైపోయింది, కొత్తది కావాలని ఫ్రీ పాస్కల్ (దాని వెనక పనిచేసే కంపైలర్, సోర్సు కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చేది), లాజరస్ రెండింటి సోర్సు కోడూ తెచ్చుకుని కంపైల్ మొదలుపెట్టారు, ఫ్రీ పాస్కల్ ఏ గొడవా లేకుండా పూర్తయింది, లాజరస్ దగ్గరకొచ్చేసరికి ‘కాంట్ ఫైండ్ యూనిట్ సిస్టమ్’ అని ఆగిపోతోంది, ఇప్పుడు పాతదంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టాలా అని. పాతది తీసేయకండి. తీసేస్తే ఇంకా పెద్ద ఇబ్బంది, ఎందుకో కింద చెప్తాను.

నేనూ సరిగ్గా ఇక్కడే రెండు రోజులు ఆగిపోయాను. సోర్సులో తప్పుందేమో, డౌన్‌లోడ్ మధ్యలో తెగిందేమో అనుకుని మూడుసార్లు మళ్లీ తెచ్చుకున్నాను. సోర్సులో ఏ తప్పూ లేదు. ఒకే మెషీన్‌లో రెండు కంపైలర్లు ఉన్నాయి, ఒకదాని ఫైళ్లు ఇంకొకదానికి తగులుతున్నాయి, జరిగింది అంతే. లాజరస్ బిల్డ్‌లో నాకు ఇప్పటిదాకా వచ్చిన ఎర్రర్లలో చాలావరకు ఈ కలగాపులగం వల్ల వచ్చినవే.

ముందు పాతది ఎందుకు ఉండాలో చెప్తాను. ఫ్రీ పాస్కల్ కంపైలర్‌ను పాస్కల్‌లోనే రాశారు. 1993లో ఫ్లోరియన్ క్లెంఫ్ల్ మొదలుపెట్టినప్పుడు టర్బో పాస్కల్ సాయంతో రాశాడు, తర్వాత అది తనను తానే కంపైల్ చేసుకునే స్థితికి వచ్చింది. కాబట్టి కంపైలర్‌ను కంపైల్ చేయాలంటే మీ దగ్గర ముందే ఒక కంపైలర్ ఉండాలి. అదీ ఏదో ఒకటి కాదు, సాధారణంగా అంతకుముందు అధికారికంగా విడుదలైన వెర్షన్. మేక్‌ఫైల్ (బిల్డ్ ఎలా జరగాలో ‘మేక్’ ప్రోగ్రాంకు చెప్పే ఫైల్) తనే చెక్ చేసి, ఫలానా వెర్షన్‌తో మొదలుపెడితేనే సపోర్ట్ ఉంటుంది, మీరు ఫలానా దానితో ప్రయత్నిస్తున్నారు అని స్పష్టంగా చెప్తుంది. ఆ చెకింగ్‌ను దాటవేసే స్విచ్ ఒకటి ఉంది, దయచేసి వాడకండి, అరగంట తర్వాత ఎక్కడో సంబంధం లేని ఫైల్లో వింత ఎర్రర్ వస్తుంది. కంపైల్ జరిగేటప్పుడు చూస్తే ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తున్నట్టు అనిపిస్తుంది కదా, అది లూప్‌లో పడటం కాదు. పాత కంపైలర్‌తో కొత్త కంపైలర్‌ను తయారుచేస్తుంది, ఆ కొత్తదానితో ఇంకొకటి, దానితో మరొకటి, చివరి రెండూ ఒక్క బైటు తేడా లేకుండా ఒకటే అయ్యేదాకా. నాకు ఈ పద్ధతి చాలా ఇష్టం, కంపైలర్ తన మీద తనే పరీక్ష పెట్టుకుని పాసైతేనే బయటికి వస్తుంది.

ఇక నాకు జరిగింది. ఫ్రీ పాస్కల్ 3.2.2 సోర్సులో ‘మేక్ ఆల్’ కొట్టాను, ఏ ఫోల్డరో చెప్పకుండా సూడోతో (అంటే అడ్మిన్ హక్కులతో) ‘మేక్ ఇన్‌స్టాల్’ కొట్టాను. అలా చేస్తే డిఫాల్ట్‌గా యూఎస్ఆర్ లోకల్ కిందికి పోతుంది. తర్వాత ఫ్రీ పాస్కల్ కమాండైన ఎఫ్‌పీసీని ‘ఎఫ్‌పీసీ మైనస్ ఐవీ’ అని వెర్షన్ అడిగితే పాత నంబరే చెప్తోంది! చాలామందికి తెలియని సంగతి ఇక్కడుంది: ఎఫ్‌పీసీ అనేది అసలు కంపైలర్ కాదు, అది అసలు కంపైలర్‌ను పిలిచే ఒక చిన్న డ్రైవర్. అసలు పని చేసేది పీపీసీఎక్స్64 అనే బైనరీ (64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో ఆ పేరు). మేక్ ఇన్‌స్టాల్ ఆ బైనరీని లిబ్ ఫోల్డర్‌లో వెర్షన్ నంబరు కింద పెడుతుంది కానీ బిన్ ఫోల్డర్‌లో దానికి లింకు పెట్టదు, అది మనమే పెట్టుకోవాలి. లింకు లేకపోయేసరికి కొత్త డ్రైవర్ పాత్‌లో (కమాండ్ల కోసం సిస్టమ్ వరసగా వెతికే ఫోల్డర్లలో) వెతికి, ప్యాకేజీ మేనేజర్ పెట్టిన పాత పీపీసీఎక్స్64ను పిలుస్తోంది.

సరే, సింబాలిక్ లింకు (అసలు ఫైల్ ఎక్కడుందో చూపించే గుర్తు) పెట్టాను. ఇప్పుడు వెర్షన్ సరిగ్గా వచ్చింది, మీకొచ్చిన ఎర్రరూ వచ్చింది. యూనిట్ అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునేలా విడిగా పెట్టిన పాస్కల్ కోడ్. సిస్టమ్ యూనిట్ అంటే ప్రతి పాస్కల్ ప్రోగ్రామూ మనం అడగకపోయినా వాడే మొట్టమొదటి యూనిట్, అది దొరక్కపోతే రెండు లైన్ల ప్రోగ్రాం కూడా కంపైల్ కాదు. అది ఎక్కడుందో కంపైలర్‌కు చెప్పేది ఎఫ్‌పీసీ డాట్ సీఎఫ్‌జీ అనే కాన్ఫిగ్ ఫైల్. నా మెషీన్‌లో ఈటీసీ ఫోల్డర్‌లో ఉన్నది పాత ప్యాకేజీ రాసిపెట్టిన కాన్ఫిగ్. అందులో యూనిట్ల పాత్ మధ్యలో ‘డాలర్ ఎఫ్‌పీసీ వెర్షన్’ అనే మాక్రో ఉంది, కంపైలర్ తన వెర్షన్ నంబరును అక్కడ నింపుకుంటుంది. కొత్త కంపైలర్ అక్కడ 3.2.2 అని నింపుకుని పాత ప్యాకేజీ ఫోల్డర్‌లో వెతికింది. అక్కడ 3.2.2 ఎక్కడుంటుంది? నేను పెట్టింది యూఎస్ఆర్ లోకల్‌లో కదా. ఇంత చిన్న విషయానికి రెండు రోజులు పోయాయి.

మీ మెషీన్‌లోనూ ఇదేనా కాదా అనేది ఊహించక్కర్లేదు, ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఏదైనా చిన్న పాస్కల్ ఫైల్ తీసుకుని ‘మైనస్ వీటీ’ ఆప్షన్‌తో కంపైల్ చేయండి. మొదటి కొన్ని లైన్లలోనే ఏ కాన్ఫిగ్ ఫైల్ కోసం ఎక్కడెక్కడ వెతికింది, చివరికి ఏది చదివింది అనేది వస్తుంది, ఆ తర్వాత ఏయే ఫోల్డర్లలో చూసిందో వరసగా వస్తుంది. హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఎఫ్‌పీసీ డాట్ సీఎఫ్‌జీ ఉంటే ఈటీసీలో ఉన్నదానికంటే ముందు దాన్నే చదువుతుంది, ఎప్పుడో పెట్టి మర్చిపోయిన ఫైల్ అక్కడ ఉందేమో కూడా చూసుకోండి.

ఇప్పుడు నేను చేసే పద్ధతి. సూడో అసలు వాడను. హోమ్‌లో ఒక ఫోల్డర్ పెట్టుకుని, పాత కంపైలర్ పూర్తి పాత్‌ను ‘పీపీ’ వేరియబుల్‌లో ఇచ్చి ‘మేక్ క్లీన్ ఆల్’ నడుపుతాను. పాత్‌లో ఏది ముందు తగులుతుందో అనే టెన్షన్ ఉండదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్’లో ఆ హోమ్ ఫోల్డర్ పేరు ఇస్తాను. తర్వాత పీపీసీఎక్స్64కు బిన్‌లో లింకు. ఆ తర్వాత కొత్తదానితో వచ్చిన ఎఫ్‌పీసీఎంకేసీఎఫ్‌జీ అనే టూల్‌తో, బేస్ పాత్‌గా కొత్త ఫోల్డర్‌లోని లిబ్/ఎఫ్‌పీసీ/3.2.2 చెప్పి కొత్త కాన్ఫిగ్ ఫైల్ తయారుచేసి దాన్నీ అదే ఫోల్డర్‌లో పెడతాను. దాన్ని హోమ్‌లో చుక్క ఫైల్‌గా పెట్టకండి, అలా పెడితే పాత కంపైలర్ కూడా దాన్నే చదివి అదీ పాడవుతుంది. దానికి బదులు రెండు లైన్ల షెల్ స్క్రిప్ట్ రాసుకోండి: అది కొత్త ఎఫ్‌పీసీని ‘మైనస్ ఎన్’ ఆప్షన్‌తో పిలవాలి, ఆ వెనకే ఎట్ గుర్తు పెట్టి మీ కాన్ఫిగ్ ఫైల్ పాత్ ఇవ్వాలి, చివర్లో వచ్చిన ఆర్గ్యుమెంట్లన్నీ యథాతథంగా దాటించాలి. మైనస్ ఎన్ అంటే డిఫాల్ట్ కాన్ఫిగ్‌లు దేన్నీ ముట్టుకోవద్దని, ఎట్ అంటే నేను చెప్పిన ఈ ఫైలే చదవమని. ఇక ఏ మెషీన్‌లో ఎన్ని వెర్షన్లున్నా దేని దారి దానిదే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కాబట్టి దేని ఒర దానికి ఇచ్చేయడమే.

లాజరస్ ఫోల్డర్‌లోకి వెళ్లాక ముందు ‘మేక్ క్లీన్’. మీరు ఇప్పటికే ఒకసారి సగం కంపైల్ చేశారు కాబట్టి ఇది మాత్రం వదలొద్దు, పాత కంపైలర్ తయారుచేసిన పీపీయూ ఫైళ్లు (కంపైలైన యూనిట్లు) మిగిలిపోతే కొత్త కంపైలర్ వాటిని ఒప్పుకోదు, వాటి ఫార్మాట్‌కు కూడా వెర్షన్ నంబరు ఉంటుంది. తర్వాత పీపీలో మీ స్క్రిప్ట్ పాత్ ఇచ్చి ‘మేక్ బిగ్‌ఐడీఈ’. ఉత్త ‘మేక్’ కంటే ఇది ఎందుకంటే, ఎక్కువగా వాడే ప్యాకేజీలన్నీ ఇందులోనే కలిసి వస్తాయి.

ఇక్కడ ఇంకొక ఎర్రర్ ఎదురుకావచ్చు, ఈసారి కంపైలర్ నుంచి కాదు, లింకర్ నుంచి (కంపైలైన ముక్కలను, లైబ్రరీలను కలిపి ఒక్క ప్రోగ్రాంగా చేసేది). వేలకొద్దీ లైన్లు సాఫీగా కంపైలై, చివర్లో ‘కెనాట్ ఫైండ్’ అని జీటీకే పేరో ఎక్స్11 పేరో (లినక్స్‌లో విండోలు, బటన్లు చూపించే లైబ్రరీలు) చూపిస్తుంది. మీరు వెంటనే వెతుకుతారు, లైబ్రరీ మెషీన్‌లో ఉంటుంది, అసలు అర్థం కాదు. జాగ్రత్తగా చూడండి, ఉన్న ఫైల్ పేరు చివర ‘ఎస్ఓ డాట్ సున్నా’ అనో ‘ఎస్ఓ డాట్ ఆరు’ అనో ఉంటుంది. లింకర్ అడిగేది నంబరు లేని ఉత్త ‘డాట్ ఎస్ఓ’. ఆ నంబరు లేని సింబాలిక్ లింకు డెవలప్‌మెంట్ ప్యాకేజీలో మాత్రమే వస్తుంది, అందుకే జీటీకే2కు సంబంధించిన డెవ్ ప్యాకేజీ వేసుకోవాలి. సీ వాళ్లకు ఆ ప్యాకేజీ హెడర్ ఫైళ్ల కోసం కావాలి, మనకు హెడర్లతో పనే లేదు, ఆ ఒక్క లింకు కోసమే. జీటీకే2 బదులు అలాంటిదే మరో లైబ్రరీ క్యూటీ కావాలంటే ‘ఎల్‌సీఎల్ ప్లాట్‌ఫామ్’ వేరియబుల్‌లో క్యూటీ5 అని ఇవ్వండి, కానీ దానికి లిబ్‌క్యూటీ5పాస్ అనే లైబ్రరీ తప్పనిసరి. క్యూటీ సీ++లో ఉంది కాబట్టి పాస్కల్ నేరుగా మాట్లాడలేదు, మధ్యలో ఈ లైబ్రరీ ఉంటుంది.

బిల్డ్ అయ్యాక మొదటిసారి తెరిచేటప్పుడు ‘పీసీపీ’ ఆప్షన్ ఇచ్చి కొత్త సెట్టింగుల ఫోల్డర్ చూపించండి. ఇవ్వకపోతే పాత లాజరస్ సెట్టింగులే తీసుకుంటుంది, అందులో పాత కంపైలర్ పాత్ ఉంటుంది, కథ మళ్లీ మొదటికి. తెరవగానే కంపైలర్ ఎక్కడ, ఎఫ్‌పీసీ సోర్సు ఎక్కడ అని అడుగుతుంది. కంపైలర్‌కు మీ స్క్రిప్ట్, సోర్సుకు మీరు కంపైల్ చేసిన అదే 3.2.2 సోర్సు. సోర్సు వెర్షన్ వేరైతే ప్రోగ్రాం కంపైల్ అవుతుంది కానీ కంట్రోల్ నొక్కి క్లిక్ చేస్తే తప్పు చోటికి వెళ్తుంది, కోడ్ కంప్లీషన్ లేనిపోనివి చూపిస్తుంది.

ఇంత కష్టం దేనికి, దొరికే ప్యాకేజీ వాడుకుంటే పోదా అని మీ స్నేహితులు అన్నారని రాశారు. లాజరస్ విషయంలో మాత్రం దానికి గట్టి జవాబు ఉంది. ఇందులో కొత్త కాంపొనెంట్ ఇన్‌స్టాల్ చేయడమంటే ప్లగిన్ ఫైల్ ఒకటి పక్కన పడేయడం కాదు, ఆ కాంపొనెంట్‌ను లోపల కలుపుకుని ఐడీఈ మొత్తం తనను తాను మళ్లీ లింక్ చేసుకుని రీస్టార్ట్ అవుతుంది. అంటే మీరు ఈరోజు కాకపోతే రేపైనా, తెలియకుండానైనా సోర్సు నుంచి కంపైల్ చేస్తూనే ఉంటారు. ఫోల్డర్ మీ చేతిలో, రాసే హక్కు మీ చేతిలో ఉంటే ఆ పని ఏ పేచీ లేకుండా జరిగిపోతుంది.

విండోస్‌లో కూడా చేస్తానన్నారు కాబట్టి ఒక మాట. అక్కడ డెల్ఫీ (ఇంకొక పాస్కల్ ఐడీఈ) గానీ వేరే టూల్స్ గానీ ఉంటే వాటి మేక్ ప్రోగ్రాం పాత్‌లో ముందు తగిలి, మేక్‌ఫైల్ మొదటి లైన్లలోనే సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. ఫ్రీ పాస్కల్ బిన్ ఫోల్డర్‌లో ఉన్న మేక్‌నే పూర్తి పాత్‌తో పిలవండి, ఫోల్డర్ పేర్లలో ఖాళీలు లేకుండా చూసుకోండి. మ్యాక్‌లో అయితే ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్ ముందే ఉండాలి, ఇప్పటి మ్యాక్‌ఓఎస్‌లలో లైబ్రరీలు మామూలు చోట కనబడవు కాబట్టి ‘మైనస్ ఎక్స్ఆర్’ ఆప్షన్‌తో ఎస్‌డీకే (ఆ లైబ్రరీలుండే ఎక్స్‌కోడ్ ఫోల్డర్) పాత్ ఇవ్వాల్సి రావచ్చు.

ఒకసారి ఇది కుదిరాక లినక్స్‌లోనే కూర్చుని విండోస్‌కు ఎక్స్‌ఈ తయారుచేయొచ్చు. ఫ్రీ పాస్కల్ సోర్సులో ‘మేక్ క్రాస్ఆల్’కు ఓఎస్ టార్గెట్ విన్64, సీపీయూ టార్గెట్ ఎక్స్86 అండర్‌స్కోర్ 64 అని ఇచ్చి, అవే విలువలతో అదే ప్రిఫిక్స్‌లోకి ‘క్రాస్‌ఇన్‌స్టాల్’ చేయండి. విండోస్‌కు ఫ్రీ పాస్కల్‌లో సొంత లింకర్ ఉంది కాబట్టి బయటి టూల్స్ ఏవీ అక్కర్లేదు, ఆర్మ్ బోర్డులకైతే వాటికి తగిన బిన్‌యూటిల్స్ (అసెంబ్లర్, లింకర్ లాంటి టూల్స్) విడిగా కావాలి. మొదటిసారి నేను లినక్స్‌లో కట్టిన ఫైల్‌ను విండోస్ మెషీన్‌లో డబుల్ క్లిక్ చేస్తే నా ఫారం నా బటన్లతో సహా తెరుచుకున్న క్షణం ఇప్పటికీ గుర్తుంది.

ఇవన్నీ ఆటోమేటిక్‌గా చేసే ఎఫ్‌పీసీఅప్‌డీలక్స్ అనే టూల్ కూడా ఉంది, మంచిదే, కాన్ఫిగ్‌కు పైన చెప్పిన స్క్రిప్ట్ పద్ధతే అదీ వాడుతుంది. ఒక్కసారి చేత్తో చేశాకే దానికి వెళ్లండి. ముందుగా ఆ మైనస్ వీటీ అవుట్‌పుట్‌లో కాన్ఫిగ్ ఫైల్ పేరు కనిపించిన లైన్, వెర్షన్ నంబరు ఇక్కడ పెట్టండి, మీది నేను పడ్డ గుంటేనా వేరేదా అని చూసి చెప్తాను.